వయసు కోటు

వృద్ధాప్య శాస్త్రంలో ఎమ్మే చదివేవాళ్ళంతా మొదటి ఏడాదే ఒకసారి వయసు కోటు తొడుక్కోవాలి. రేపు ముసలివాళ్ళకు సేవ చేసే ఉద్యోగాల్లో చేరేవాళ్ళకి ముసలితనం ఒంటికి తెలియాలి కదా. ఇసుక సంచులు కుట్టిన బూడిదరంగు కోటు అది. వేరే కాలేజీల్లో అలాంటిది ఎవరు తొడుక్కున్నా ఒకటే బరువు. ఈ కాలేజీ కోటు మాత్రం ఎవరికి రాబోయే ముసలితనం వాళ్ళకి చూపించేది. వెనక బెంచీ పొడుగబ్బాయికి చేతులు వణికాయి. మొదటి మార్కులమ్మాయి తన పేరు తనే మరిచిపోయి, కోటు విప్పాక గుర్తు తెచ్చుకుంది. స్టోరు చూసే బాబాయి గుండీలు పెట్టేవాడు, తీసేవాడు. మేడం మార్కులు వేసేది. అందులో ఎవరికీ వింత కనిపించలేదు.

ఆ తరగతిలో ఒకమ్మాయిని తొందరమ్మ అనేవాళ్ళు. ఎప్పుడు చూసినా కాలు కాలిన పిల్లిలా తిరిగేది. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేది. చదువు కాకముందే ఒక వృద్ధుల కేంద్రంలో ఉద్యోగం కూడా ఖాయం చేసుకుంది. తన వంతు రాగానే కోటులో చేతులు దూర్చి నిలబడింది.

ఏమీ కాలేదు. మోకాళ్ళు లాగలేదు, చూపు మసకబారలేదు. ఇసుక సంచుల బరువు కూడా తెలియలేదు.

"బాబాయ్, గుండీలన్నీ పెట్టావా?"

స్టోరు బాబాయి మళ్ళీ తడిమి చూశాడు. ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు. "పెట్టానమ్మా. ఇంక విప్పెయ్."

"ఎప్పుడో ఒకరికి ఇలా అవుతుంటుందిలే. వెళ్ళి కూర్చో," అంది మేడం, కలం మూసి.

ఆ ఒకరు ఇప్పుడు ఎక్కడున్నారని అడగబోయి ఆగిపోయింది. ముసలితనం కనిపించలేదంటే అంతవరకు తను ఉండదనే కదా. ఆ రోజు నుంచి ఆమెను తొందరమ్మ అని ఎవరూ పిలవలేదు. క్యాంటీన్ వరసలో "ముందు నువ్వు తీసుకో" అని పక్కకి జరిగేవాళ్ళు. ఆమెకు చచ్చేంత భయం వేసింది. అమ్మ ఫోను చేసి తిన్నావా అంటే, తిన్నానని చెప్పి పెట్టేసేది.

ప్రాక్టికల్స్ కోసం ఆమె వెళ్ళే వృద్ధుల కేంద్రంలో టైలరమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఒకప్పుడు బజారులో కుట్టు కొట్టు నడిపిన మనిషి. సాయంత్రం ఆయా వీధి తలుపు వేయబోతే చాలు, "వెయ్యకు. గుండీలకని వెళ్ళాడు తమ్ముడు, ఇంకా రాలేదు" అనేది. ఆ తమ్ముడు వెళ్ళింది ఆవిడ రెండు జడలేసుకునే వయసులో. కళ్ళు కాయలు కాసేలా చూసేది. తలుపు వేశాక చిన్నపిల్లలా ఏడ్చేది.

"ఇప్పుడే తలుచుకున్నా. నీకు నూరేళ్ళు," అంది టైలరమ్మ ఆమెను చూసి.

ఆ మాటకి అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుర్చీ పక్కన నేలమీద కూర్చుని జరిగిందంతా చెప్పుకుంది.

"బట్ట నప్పకపోతే కుట్టినవాడిది తప్పు గాని తొడుక్కున్నదానిదా?" అంది టైలరమ్మ. "పట్రా, చూద్దాం."

ఆమె అడగ్గానే స్టోరు బాబాయి కోటు సంచిలో పెట్టి ఇచ్చాడు. "మేడంతో కుట్లు ఊడాయని చెప్తాలే," అన్నాడు.

టైలరమ్మ కోటు తిరగేసి చూసింది. తను రోజూ కప్పుకునే శాలువా తీసి, కత్తెర పెట్టింది.

"అయ్యో అమ్మమ్మా, మీ శాలువా."

"నేనింకెన్నాళ్ళు కప్పుకోవాలే. లోపల లైనింగు వేస్తే ఒంటిని పట్టుకుంటుంది. ఒక్కటి మాత్రం చెప్తున్నా. గుడ్డతోపాటు గుడ్డ మీది మరకలు కూడా వస్తాయి. తర్వాత నన్ననకూడదు."

"మరకలైనా ఫర్వాలేదు. కుట్టండి."

ఏం మరకలో అడిగే ఓపిక ఆమెకెక్కడిది.

ఆఖరి కుట్టు పడి దారం తెంపగానే కోటు తొడుక్కుంది. నడుము వంగింది. మోకాళ్ళు లాగాయి. ఎడమ కంటికి పొర కమ్మింది. గోడ పట్టుకుని నిలబడి ఏడుస్తూ నవ్వింది. "వచ్చేసింది అమ్మమ్మా, నాకూ వచ్చేసింది."

బయట పొద్దు వాలుతోంది. ఆయా వచ్చి వీధి తలుపు మీద చెయ్యి వేసింది.

"వెయ్యకు," అంది అమ్మాయి. గొంతు బొంగురుగా వచ్చింది. "గుండీలకని వెళ్ళాడు తమ్ముడు, ఇంకా రాలేదు."

ఆ అమ్మాయి వాళ్ళమ్మకి ఒక్కతే సంతానం.

ఆయా అలవాటు కొద్దీ టైలరమ్మ వైపు తిరిగింది. టైలరమ్మ సూదిని డబ్బాలో పెట్టుకుంటోంది. "వేసెయ్యమ్మా, చలిగాలి కొడుతోంది," అంది తల ఎత్తకుండానే. ఆ రాత్రి ఆవిడ ఏడవలేదు.

కోటు విప్పగానే నడుము నిటారైంది, చూపు తేటపడింది. వారం తిరక్కుండా మేడం అదే కోటుతో మళ్ళీ పరీక్ష పెట్టి మంచి మార్కులే వేసింది. తరగతిలో అందరూ ఊపిరి పీల్చుకుని మళ్ళీ తొందరమ్మా అని పిలిచారు. ఆమె నవ్వి తన బల్ల దగ్గరికి వెళ్ళింది.

"పాఠం మొదలుపెడదాం. ఆ తలుపు వేయండి ఎవరైనా," అంది మేడం.

అందరికంటే ముందు తొందరమ్మే లేచింది. తలుపు దగ్గరికి వెళ్ళి, మనిషి పట్టేంత తెరిచి ఉంచి, వచ్చి దానికి ఎదురుగా కూర్చుంది.