నీడ కూర్చునేదాకా

దర్జీ పెద్దమ్మ పొద్దునంతా దిండు గలీబులు కుట్టి, మధ్యాహ్నం నమాజు అయ్యాక ఎవరు పిలిస్తే వాళ్ల హోటల్‌కి వెళ్తుంది. వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీయిస్తుంది, నూనె వాసన చూస్తుంది, కత్తులు ఎక్కడ కడుగుతారో అడుగుతుంది. ఆఖర్న కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. అక్కడి తిండి హలాల్ అయితే ఆవిడ నీడ కూడా కూర్చుంటుంది. కాకపోతే గోడ మీద నిలబడే ఉంటుంది. ఆ చుట్టుపక్కల ముస్లింలు కొత్త చోట తినేముందు అడిగే మాట ఒక్కటే: "నీడ కూర్చుందా?" ఒక హోటలాయన "మీ నీడకి మోకాళ్ల నొప్పులేమో పెద్దమ్మా" అని వేళాకోళం చేస్తే, "నొప్పులు నాకు, దానికి కాదు. ఆ మూల డబ్బా మూత తియ్యి" అంది.

ఈసారి పిలిచింది బయటివాళ్లు కాదు, సొంత కూతురే.

కూతురికి పోయిన చలికాలం కాన్పులో బిడ్డ పోయాడు. పుట్టింటికి వచ్చి మంచం పట్టింది. ముద్ద నోట్లో పెడితే నోట్లోనే ఉండిపోయేది. తల్లి బతిమాలింది, తిట్టింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే వీధి మలుపులో కూతురు ఆగింది. కొత్తగా తెరిచిన కొరియా స్వీట్ల కేఫ్ అది. అద్దం వెనక గిన్నెలో పొడిపొడిగా పాలమంచు, మీద తెల్లటి బియ్యప్పిండి కేకు ముక్కలు.

"అమ్మా, అది తినాలనుంది" అంది.

పెద్దమ్మ కూతుర్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది. కేఫ్ నడిపేది తల నెరిసిన కొరియావిడ. ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, మాట మనలాగే మాట్లాడుతుంది. ప్యాకెట్ల మీది అక్షరాలన్నీ ఓపిగ్గా చదివి చెప్పింది. జెల్లీ సముద్రపు నాచుతో చేసిందే. వెనిల్లాలో ఆల్కహాల్ లేదు. పంది కొవ్వు గడప తొక్కలేదు.

పెద్దమ్మ కూర్చుంది. నీడ కూర్చోలేదు.

వంక పెట్టడానికేమీ లేదు. అద్దంలోంచి కూతురు ఇటే చూస్తోంది. కూర్చుందని ఒక్క అబద్ధం ఆడితే పిల్ల తింటుంది. ఆ మాట పెద్దమ్మ గొంతుదాకా వచ్చింది. మింగేసి గాలి వాసన చూసింది.

"ఇంకేదో ఉందమ్మా. సారాలాంటిది."

"నా కొట్లో సారానా!" కొరియావిడ మొహం ఎర్రబడింది. అంతలోనే ఆవిడ చూపు వంటగట్టు కింది కుండ మీద పడింది. "ఇదా? ఇది బియ్యపు కల్లు. కేకు పిండి పొంగడానికి వేస్తాను, పాలమంచులోనూ ఓ చుక్క కలుపుతాను. మా అమ్మ కుండ అక్కా ఇది. ఓడలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. అమ్మ పోయినా రోజూ గుప్పెడు అన్నం వేసి బతికిస్తున్నాను. ఇది సారా కిందికి వస్తుందని నాకెప్పుడూ తోచలేదు."

"పారబొయ్యమని నా నోటితో అనలేను" అంది పెద్దమ్మ.

కొరియావిడ బయటికి చూసింది. "ఆ అమ్మాయి ఎవరు?"

పెద్దమ్మ చెప్పింది.

"అన్నం వేయడం మానేస్తే అది పులిసి వెనిగర్ అయిపోతుంది" అంది కొరియావిడ కుండ మీద చెయ్యి వేసి. "అప్పుడు పనికొస్తుందా?"

"తనంతట తాను మారితే తప్పులేదని మా పెద్దలు చెప్తారు. మనం మాత్రం ఏమీ కలపకూడదు, తొందరపెట్టకూడదు."

పెద్దమ్మ లేచి వచ్చి "కొన్నాళ్లు ఆగాలి తల్లీ" అని కూతుర్ని ఇంటికి తీసుకెళ్లింది, నీడ మాత్రం వెంట రాలేదు. కుండ పక్కనే నిలబడిపోయింది. ఎండలో ఒట్టినే తిరుగుతుంటే "నీడన్నా లేకుండా, వడదెబ్బ తగులుతుంది పెద్దమ్మా" అని ఇరుగుపొరుగు గోల పెట్టారు. "నాకు కుట్టుపని ఉంది. నా నీడ ఏం చేస్తోందో చూసి రావే" అని కూతుర్ని రోజూ పంపేది.

తల్లి పట్టించే గంజినీళ్లతోనే నెట్టుకొస్తున్న కూతురు మొదట్లో గుమ్మంలోంచే చూసి వచ్చేసేది. తర్వాత లోపలికి వెళ్లి కూర్చోసాగింది. ఊరికే కూర్చోలేక బియ్యం కడిగేది. తనూ కొరియావిడా కలిసి కుండ మీది గుడ్డ తీసి వాసన చూసి, మళ్లీ కట్టేవాళ్లు.

"పొద్దున్నే చెయ్యి అన్నం గిన్నె మీదకే పోతోంది" అంది కొరియావిడ ఒకరోజు. "వెయ్యకూడదని గుర్తొచ్చి ఆగిపోతున్నాను."

కూతురు తల ఎత్తలేదు. "నాకు పాలు పడ్డాయి. తాగడానికి వాడు లేడు. గుడ్డతో బిగించి కట్టారు."

ఆ మాట ఆ పిల్ల అంతవరకూ ఎవరితోనూ అనలేదు, కన్నతల్లితో కూడా. కొరియావిడ తడిచేతులతోనే దగ్గరికి తీసుకుంది.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం గుడ్డ విప్పితే ఘాటుకి ఇద్దరి కళ్లూ మండాయి. గోడ మీది నీడ మెల్లగా వంగి, కుర్చీలో కూర్చుంది. కొరియావిడ కొత్త గిన్నెలో పాలమంచు పోసి, తేనెలో నాలుగు చుక్కల ఆ పులుపు కలిపి మీద చల్లింది. కూతురు బిస్మిల్లా అని నోట్లో పెట్టుకుంది. పులుపుకి మొహం ముడుచుకుంది, కళ్లు చెమర్చాయి. పులుపు వంకన మొదలైన ఏడుపు వెక్కిళ్లయింది. బిడ్డ పోయాక ఆ పిల్ల గొంతెత్తి ఏడవడం అదే మొదలు. ఏడుస్తూనే గిన్నె ఖాళీ చేసింది.

సాయంత్రం మిషన్ తొక్కుతున్న పెద్దమ్మ కాళ్ల దగ్గరికి నీడ వచ్చి ఎప్పటిలా పడుకుంది. వెనకే కూతురు వచ్చింది, ఉబ్బిన కళ్లతో.

"ఏం వండావమ్మా?"

పెద్దమ్మ కాలు పెడల్ మీదే ఆగిపోయింది. "ఏం కావాలి తల్లీ?"

"ఏదైనా సరే. కాస్త ఎక్కువ పెట్టు."