పానా మింగని ఇంజన్

నేను ఒక గ్యాస్ టర్బైన్ ఇంజన్‌ని. ముందునుంచి గాలి మింగడం, కడుపులో ఇంధనం మండించడం, వెనకనుంచి వేడిగా వదలడం నా పని. పదకొండేళ్లు విమానం రెక్క కింద వేలాడాను. ఇక ఎగరడానికి పనికిరానని దింపేశాక విశాఖపట్నంలో ఒక ఓడల కంపెనీవాళ్లు కొన్నారు. నన్ను ఓడకు బిగిస్తే అండమాన్‌కు ఒక్క రోజులో చేరుకోవచ్చన్నారు. ఆకాశంలో తిరిగినదానికి సముద్రం ఒక లెక్కా అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. అది లోపలికి చేరి, ఆ వేడిలో నా బ్లేడ్లను మెల్లగా తినసాగింది. సంగతి ముందు పసిగట్టినవాడు ఫిట్టర్ బమ్మిడి పైడిరాజు. భీమిలి దగ్గర జాలరిపేటలో పుట్టినవాడు. ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్రయాణం ముగిసినప్పుడల్లా నన్ను మంచినీళ్లతో కడిగేవాడు. "ఏటి బావా, ఇయాల గొంతు బొంగురుగుంది?" అని పలకరించేవాడు. ఆ ఓడలో నాకున్న చుట్టం అతనొక్కడే.

రెండో ఏడు ప్రయాణాలు పెంచారు. కడగడానికి పూట పడుతోందని అది మానిపించారు. ఒక ఉదయం, ఓడ బయల్దేరబోయే ముందు, పైడిరాజు సన్నని దీపపు గొట్టం లోపలికి దూర్చి చూసి, చీఫ్ ఇంజనీరు మార్తాండరావు దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, ఎనకాల బ్లేడు మొదట్లో గుంటలు పడిపోనాయి. ఇరిగిపోద్ది. ఇయాల ఓడ తియ్యొద్దు."

"నాలుగొందల మంది ఎక్కి కూర్చున్నారు. దిగమని నువ్వు చెబుతావా?"

"సెప్తాను సార్. ఎల్లి సెప్పీమంటారా?"

మార్తాండరావు లాగ్‌బుక్కులో పైడిరాజు ఆ గుంటల సంగతి రాసిన పేజీ చింపి జేబులో పెట్టుకున్నాడు.

రేవు దాటిన గంటకు ఆ బ్లేడు విరిగింది. ముక్క నా పొట్ట చీల్చుకుని దూసుకుపోయి ఇంధనం గొట్టాన్ని తెంపింది. మంటలు లేచాయి. అందరూ మెట్లవైపు పరుగెత్తారు. పైడిరాజు ఒక్కడే నావైపు వచ్చాడు. కాలిపోతున్న వాల్వు చక్రాన్ని రెండు చేతులతో తిప్పి ఇంధనం కట్టేశాడు. నాలుగొందల మందీ బతికారు. అతని వేళ్లు కాలి ముడుచుకుపోయాయి. ఆ పేలుడు మోతకు చెవులు రెండూ వినబడకుండా పోయాయి.

విచారణ నేను పడివున్న షెడ్డులోనే జరిగింది. అయినా నన్ను విప్పి చూడలేదు. ఫిట్టర్ లోపల పానా మరిచిపోయాడని మార్తాండరావు చెప్పాడు. ఆ పానా ఏదని ఒకాయన అడిగాడు. కరిగిపోయిందన్నాడు. రాసుకున్నారు. ఎదురుగా కట్లతో నిలబడ్డ పైడిరాజుకు ఒక్క ముక్కా వినబడలేదు. అందరూ తనవంకే చూస్తుంటే మెచ్చుకుంటున్నారనుకుని దండం పెట్టబోయాడు. చేతులు కలవలేదు.

అతని ఉద్యోగం పోయింది. నన్నొక ఇంజనీరింగ్ కాలేజీకి ఇచ్చి ఫొటోలు దిగారు. విరిగినదాన్ని వదిలించుకోవడాన్ని మనుషులు దానం అంటారు. నా పక్కన ఇత్తడి ఫలకం బిగించారు: "ఫిట్టర్ బి. పైడిరాజు లోపల పానా మరిచిపోవడం వల్ల పాడైన ఇంజన్." తొమ్మిదేళ్లపాటు పిల్లలు అజాగ్రత్తకు ఉదాహరణగా ఆ పేరు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు.

కొత్తగా వచ్చిన లెక్చరర్ హైమవతి, పాఠం కోసం నన్ను నిలువునా కోయించింది. చాలాసేపు వంగి చూసింది.

"పానా మింగితే ముందు వరస బ్లేడ్లు నుజ్జవ్వాలి కదా! వీటికి గీత కూడా పడలేదే," అంది. వెనక విరిగిన బ్లేడు మొదట్లో ఉప్పు తొలిచిన గుంటలు ఆమె వేలికి తగిలాయి.

వాకబు చేసి పైడిరాజును పిలిపించింది. చూసినదంతా కాగితం మీద రాసి చేతికిచ్చింది. అతను నిలబడే చదివాడు. తన గొంతు తనకు వినబడని మనిషి కదా, హాలంతా మోగేలా అన్నాడు:

"ఇది నాకు తెల్సిందే కదమ్మా. తెలీనోలికి సెప్పండి."

కాగితం మడిచి ఆమెకే ఇచ్చేసి వెళ్లిపోయాడు. నావైపు చూడలేదు.

హైమవతి ఆ ఫలకం పీకించింది. నిజం రాసి కొత్తది పెట్టిద్దామంటే, ఇంజన్ ఇచ్చిన కంపెనీ ఒప్పుకోలు ఉండాలన్నాడు ప్రిన్సిపాల్. ఆ కంపెనీ మూతపడి ఆరేళ్లయింది. పైడిరాజు మీద నింద రాసినప్పుడు ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. నిజం రాయడానికి అనుమతి కావాలి. అడుగుదామంటే ఇచ్చే మనిషి లేడు.