కడలి ఒడ్డున చెలమ

ఫోనులో కూతురు మాదేశ్వరి "ఆదివారం కడలూరు పోతా ఉండాము, నువ్వూ రా నాయనా" అంటే, తమిళనాడు ధర్మపురి పక్క ఇండూరులో, వేరుశనగ చేనులో నిలబడి ఉన్న మాదయ్య చెవికి అది "గూడలూరు" అని చేరింది. చేనులో గాలి ఎక్కువ, ఫోనులో సిగ్నలు తక్కువ. ఆ దెబ్బకు కడలూరు సముద్రం కాస్తా నీలగిరుల్లోని గూడలూరుకు పోయి కొండెక్కింది!

ఆదివారం తెల్లవారేసరికి ధర్మపురి బస్టాండులో ఆయన ఉన్ని స్వెట్టరు, మంకీ క్యాపు, ఫ్లాస్కు నిండా వేడి వేడి శొంఠి కాఫీతో ప్రత్యక్షమయ్యాడు.

"ఏమి నాయనా ఈ వేషము? సముద్రము కాడ మంచు పడతాదా?" అంది మాదేశ్వరి.

"సముద్రమా? చలికొండకు కదా మనం పోయేది?"

అల్లుడు సిద్ధరాజ్ నవ్వు ఆపుకోలేక చేతిలో సంచి కింద పెట్టేశాడు. "గూడలూరు కాదు మామా, కడలూరు! అది సరే, నీళ్ళు తెచ్చే పని నీకు చెప్తిమే, తెచ్చినావా?"

"కాపీ తెచ్చినాను" అన్నాడు మాదయ్య, గొంతు తగ్గించి.

స్వెట్టరు విప్పుదామా అంటే లోపల ఉన్నది చిల్లుల బనీను. స్వెట్టరుకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, దారి పొడుగునా స్వేదం మాత్రం దండిగా పట్టించింది.

నిజానికి ఆయనకు కొండైనా ఒకటే, కడలైనా ఒకటే. వచ్చింది మనవరాలి కోసం. నాలుగేళ్ళ తమిళరసి (పేరుకు తమిళ రాణి, ఇంట్లో తెలుగు, ఏలుబడి అందరి మీదా) బెంగళూరులో అమ్మానాన్నలు పనిచేసే కట్టడాల దగ్గరే పెరిగింది. తాత అంటే ఆ పిల్లకు ఫోనులో కనిపించే అగ్గిపెట్టెంత బొమ్మ. ఆ బొమ్మ ఇప్పుడు మీసాలతో సహా ఎదురుగా నిలబడి చేతులు చాస్తే, గబుక్కున అమ్మ చీర చాటుకు పోతోంది. రేపే వాళ్ళ తిరుగు ప్రయాణం. ఈలోగా ఒక్కసారి బిడ్డ తన ఒడికి రావాలి. కొండ మీద చలికైనా దగ్గరికి చేరకపోతుందా అని ఆశపడ్డాడు పాపం. చలి పోయి చెమట దక్కింది.

మధ్యాహ్నానికి సముద్రం చేరారు. ఎండ తాండవమాడుతోంది. అలను చూడగానే తమిళరసి "వద్దు, అది కరుస్తాది!" అని కేకపెట్టి, ఒడ్డుకు లాగిన పడవ నీడలో దాక్కుంది. అదే సమయానికి దాని తమ్ముడు, చంటివాడు జీవా ఆకలికి రాగం అందుకున్నాడు. వాడికి పాలిచ్చే చాటు వెతుక్కుంటూ మాదేశ్వరి, నీళ్ళు కొనడానికి సిద్ధరాజ్ చెరో దిక్కుకు పోయారు.

"పాపను చూసుకో నాయనా!"

చూసుకోవడానికి తాత సిద్ధమే. చూడనివ్వడానికి పాప సిద్ధంగా లేదు. పడవ వెనక నుంచి నీళ్ళు అడిగే గొంతు మాత్రం వచ్చింది. "దాగం... తణ్ణి కావాల."

మాదయ్య ఫ్లాస్కు వైపు చూశాడు. ఫ్లాస్కు ఆయన వైపు చూసింది. తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

అప్పుడు ఆయన చేతులు బుర్రను అడగకుండానే పని మొదలుపెట్టాయి. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో, ఎండిన చిన్నారు ఏట్లో చెలమలు తోడి దాహం తీర్చుకున్న మనిషి. ఇసుక తవ్వితే నీళ్ళు ఊరతాయి, ఊరిన నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఇసుక గురించి ఆయనకు తెలిసిన శాస్త్రం అంతే. చిన్నారు ఏరు నేర్పిన విద్య చిన్నారి కోసం పనికొచ్చింది. మోచేతి లోతుకు తవ్వేసరికి అడుగున నీళ్ళు తళుక్కుమన్నాయి.

తొలి దోసిలి గంగమ్మకు చల్లాడు. మలి దోసిలి ఇంట్లో చిన్నబిడ్డకు. తవ్వినవాడు అందరికంటే ఆఖరున తాగాలి, ముందుగా నోట పెట్టకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. అందుకే రుచి చూడలేదు.

తమిళరసి ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. అంత సముద్రానికి జడిసిన పిల్ల ఇంత గుంతకు జడవలేదు. గొంతుక్కూర్చుని, తాత దోసిలికి మూతి ఆనించి ఒక్క గుక్క తాగింది. మరుక్షణం, తుఫ్! నీళ్ళన్నీ తాత మొహాన.

మాదయ్య మొహం తుడుచుకుంటే పెదవికి ఉప్పు తగిలింది. ఎట్టకేలకు బిడ్డ దగ్గరికొస్తే నోట్లో ఉప్పు పోశానే! "తప్పైపోయె తల్లీ" అంటూ తానూ ఒక దోసిలి గుటుక్కున మింగాడు. మొహం పిసికిన చింతపండు అయింది. తమిళరసి పెదవి వంకరపోయింది. ఏడుపే అనుకున్నాడు. కిలకిలమని నవ్వింది!

"ఇంగొకసారి తాగు తాతా!"

చిట్టి గుప్పెటతో తనే తోడి పోసింది. ఆయన తాగాడు. ఇంకోటి పోసింది. అదీ తాగాడు. ఉప్పు తిన్న విశ్వాసం అంటే మరి ఇదే! గుంత పూడిపోతుంటే ఆ పిల్ల ఆయన ఒడిలోకి ఎక్కి కూర్చుని తనూ తవ్వసాగింది. చెలమ ఉప్పనైతేనేం, చెలిమి తియ్యనిది.

ఒడ్డున సుండలు, అదే శనగ గుగ్గిళ్ళు, అమ్ముకునే కణ్ణగి అది చూసి ఆగింది. "ఏం పెద్దాయనా, ఏం పోయింది?" అని తమిళంలో అడిగింది. నోటి నిండా ఉప్పునీళ్ళు. మాదయ్య మాట్లాడలేక గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాడు.

"అయ్యో, మెడలో చైను పోయిందా!" అని ఆమె తట్ట దించి తవ్వకం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఒక కుటుంబం, వాళ్ళను చూసి మరో రెండు. కాసేపట్లో ఆ మేరంతా దున్నిన చేనులా తయారైంది.

అంతలో మాదేశ్వరి, సిద్ధరాజ్ తిరిగొచ్చారు. "చైను పోయిందంట" అని ఎవరో అనగానే మాదేశ్వరి మెడ తడుముకుంది. "నాది ఉండాదే! పాప యాడ?"

పాప తాత ఒడిలో ఉంది. సీసా అందిస్తే అక్కడే కూర్చుని తాగింది. అమ్మ చంటివాణ్ణి నాన్నకిచ్చి చేతులు చాస్తే, తల అడ్డంగా ఊపి మళ్ళీ ఇసుకలో చెయ్యి పెట్టింది. మాదేశ్వరి చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. మాదయ్య ఆ చేతుల వైపు చూడలేదు. చూస్తే బిడ్డను ఇచ్చేయాల్సి వస్తుందేమోనని.

ఒడిలో బిడ్డ ఉంది కనుక లేవకుండానే, అందరికీ వినపడేటట్టు తమిళంలో చెప్పాడు. "సామీ, చైనూ లేదు, గీనూ లేదు. మా ధర్మపురి పక్క ఇసుక తవ్వితేనే నీళ్ళు. బిడ్డ దాగం అనింది, ఇసుక కనపడింది, తవ్వినాను. పక్కన సముద్రము ఉండేది మరిచిపోతిని."

కణ్ణగి నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఇంత పెద్ద సముద్రం ఎట్లా మరిచిపోతివయ్యా?"

"ఏం చేసేది తల్లీ, బిడ్డ నా కండ్ల ముందర అడ్డంగా ఉండె. వెనకాల ఏముందో నాకు కనపడలేదు."