మూడో అమ్మకం

తెనాలిలో ముప్ఫై ఏళ్లపాటు సబ్‌రిజిస్ట్రారుగా జనం పొలాల అమ్మకాలు రిజిస్టరు చేసి రిటైరైన రామకృష్ణారావుగారు, ఇంగ్లండులోని లీడ్స్‌లో కొడుకింటికి వచ్చి ఏడేళ్లయింది. ఉద్యోగం పోయింది గాని అధికారం పోలేదు. ఏ ఇల్లు కొనాలో, ఏ కారు అమ్మాలో, మనవరాలు పియానో నేర్చుకోవాలో వద్దో అన్నీ ఆయనే తేల్చేవారు. హాల్లో గోడకున్న, ఇంటి వేడిని పెంచి తగ్గించే థర్మోస్టాట్‌ను ఆయన తప్ప మరొకరు ముట్టుకోరు. కొడుకు నితిన్‌ నలభై ఏళ్ల గుండె డాక్టరు. ఆసుపత్రిలో జూనియర్లను హడలెత్తించే ఆ మనిషి, ఇంట్లో ఉక్కపోస్తే కిటికీ తెరుచుకునేవాడే తప్ప థర్మోస్టాట్ జోలికి పోయేవాడు కాదు.

కోడలు వసుధ పిల్లల డాక్టరు. పదకొండేళ్లు ఆసుపత్రి డ్యూటీ రోటాల్లో నలిగాక ఆమెకు సముద్రం అవతల బెల్‌ఫాస్ట్‌లో కన్సల్టెంట్‌గా పెద్ద ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా వస్తుందో రాదో చెప్పాలి. నితిన్‌కూ ఇష్టమే, అక్కడ తనకూ పని దొరుకుతుంది. ఇక నాన్నగారికి చెప్పడమే మిగిలింది. మూడు వారాలుగా రేపు రేపంటూ జరుపుతున్నాడు. పోనీ నేను చెప్తానని వసుధ అంటే, నువ్వు చెబితే బాగుండదంటాడు. అలా అలా ఆదివారం మధ్యాహ్నం వచ్చేసింది. వసుధకు ఒళ్లు మండిపోతోంది.

సరిగ్గా అప్పుడే ఎనిమిదేళ్ల రిషిత హోంవర్కు ముందేసుకుంది. స్కూల్లో రోమన్ల పాఠం నడుస్తోంది. వాళ్ల కుటుంబాల్లోని ఆచారం ఒకటి ఇంట్లోవాళ్లతో ఆడించి ఫొటోలు తీసుకురమ్మన్నారు. ఆ పిల్ల లైబ్రరీ పుస్తకంలో వెతికి మరీ ఒకటి పట్టుకుంది. రోమ్‌లో తండ్రి బతికున్నంతకాలం కొడుకు ఎంత పెద్దవాడైనా తండ్రి చేతికిందే ఉండాలి. అతన్ని విడిచిపెట్టాలంటే తండ్రి ఐదుగురు సాక్షుల ముందు ఉత్తుత్తిగా మూడుసార్లు అమ్మాలి. కొన్నవాడు వదిలేయగానే మొదటి రెండుసార్లూ కొడుకు మళ్లీ తండ్రి చేతికిందికే వస్తాడు. మూడోసారి మాత్రం రాడు. ఆడపిల్లకైతే ఒక్క అమ్మకం చాలట. అది విని వసుధ నవ్వింది గాని అది సంతోషపు నవ్వు కాదు.

అమ్మకం అనేసరికి రామకృష్ణారావుగారికి ప్రాణం లేచొచ్చింది. ఐదుగురు సాక్షులెందుకు, మా ఆఫీసులో ఇద్దరు సరిపోయేవారని ఆక్షేపించి, చివరికి వసుధనూ నాలుగు బొమ్మలనూ సాక్షులుగా ఒప్పుకున్నారు. తండ్రీకొడుకులు చెరో దుప్పటీ చుట్టుకున్నారు. కొనేది రిషిత. పుస్తకంలో ఉన్నట్టే వంటింటి త్రాసు మీద ఒక రాగి నాణెం టక్కుమనిపించి, నితిన్ చెయ్యి పట్టుకుని కొనేసింది, వెంటనే వదిలేసింది. వసుధ ఫోనుతో ఫొటో తీసింది. రెండోసారీ అంతే. తిరిగొచ్చిన కొడుకు వీపు తట్టి, ఎక్కడికి పోతావురా అని పెద్దాయన మురిసిపోయారు.

"తాతా, దిస్ ఈజ్ ద లాస్ట్ వన్. ఆఫ్టర్ దిస్ యూ కాంట్ బాస్ హిమ్," అంది రిషిత.

రామకృష్ణారావుగారు కొడుకు చెయ్యి పట్టుకుని ఆగిపోయారు. ఆట అని తెలుసు, అయినా వదల్లేదు.

వసుధ ఫోను పక్కన పెట్టింది. అమ్మడానికి వచ్చిన ప్రతి మనిషినీ ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. భోజనాల దగ్గర ఆ ఆఫీసు కబుర్లు ఆమె లెక్కలేనన్నిసార్లు విన్నది. ఆయన్ని మాత్రం ఎవరూ అది అడిగి ఉండరు.

"మావయ్యగారూ, ఎవరి బలవంతమూ లేకుండా మీ ఇష్టంతోనే అమ్ముతున్నారా?"

ఆయన కోడలి వంక చూశారు. తర్వాత కొడుకు వంక చూశారు.

"ఏంట్రా, ఏవన్నా ఉందా?"

నితిన్ జారిపోతున్న దుప్పటిని పట్టుకున్నాడు. "వసుధకి బెల్‌ఫాస్ట్‌లో ఉద్యోగం వచ్చింది నాన్నగారూ. రేపు పొద్దున్నకల్లా చెప్పాలి. మేం వెళ్తున్నాం. మీరూ మాతో రావాలి."

"అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"చెప్తున్నా."

అమ్మేవాడు ఇంతసేపు తటపటాయిస్తే ఆఫీసులో ఆయన కాగితాలు వెనక్కిచ్చి పంపేసేవారు. ఇక్కడ వెనక్కిచ్చేవాళ్లెవరూ లేరు. కొడుకు చేతిని తీసి మనవరాలి చేతిలో పెట్టారు.

"ఇష్టంతోనే," అన్నారు.

సాయంత్రం వసుధ వస్తున్నానని ఈమెయిల్ పంపింది. మనసు తేలికపడి, అందరికీ టీ పెడదామని కిందికి దిగింది. బయట సన్నగా వాన పడుతోంది. రామకృష్ణారావుగారు శాలువా కప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, థర్మోస్టాట్ ముందు నిలబడి ఉన్నారు. రోజూ ఈపాటికి దాన్ని ఇరవై నాలుగు డిగ్రీలకు తిప్పేసేవారు. ఆమెను చూసి పక్కకు జరిగారు.

"చలిగా ఉందమ్మా. నితిన్ని అడిగి ఇది కాస్త పెంచుతావా?"

వసుధ కోరుకున్నది బెల్‌ఫాస్ట్ ఒక్కటే, ఇది కాదు.

"మీరే తిప్పండి మావయ్యగారూ," అంది.

ఆయన చెయ్యి ఎత్తలేదు.