లాంచీ ఎక్కని డ్రైవర్

వ్యాను అద్దం తుడుస్తూనే మట్టయ్య ఎల్బీ నగర్ చౌరస్తా వైపు చూశాడు. మెట్రో కింద బస్సులు అప్పుడే అడ్డదిడ్డంగా ఆగిపోయి ఉన్నాయి. ఆలస్యమైతే నాగార్జునకొండకు లాంచీ దొరకదు. తడిగుడ్డ పిండి, సీటెక్కాడు. కిటికీ వైపు ఉండే అతని కుడిచెయ్యి ఎండకు ఎడమచేతి కన్నా నల్లబడి ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ హోటల్ ముందు శ్రీలంక బౌద్ధ యాత్రికులు ఎక్కారు. అందరికన్నా చివర సోమావతి అనే ముసలామెను గైడు జ్యోతిక నడుం పట్టి ఎక్కించింది.

"ఒక్క చార్మినార్ చూడ్డానికి వీళ్లు సముద్రం దాటి రారండి, మట్టయ్యగారూ. కొండా, సాగరూ, అమరావతీ, బెజవాడా అన్నీ కలిస్తేనే వస్తారు," అంది జ్యోతిక.

మట్టయ్య తలూపాడు. ఈ దారిలో ఎన్ని దేశాలవాళ్లను తీసుకుపోయాడో అతనికే గుర్తులేదు. కానీ లాంచీ రేవు దాటి ఏనాడూ పోలేదు. అతని తల్లి అండాలమ్మ పుట్టిన ఊరు ఆ సాగర్ నీళ్ల కిందే ఉంది. వాళ్ల గల్లీ నల్లాలో మొదటిసారి సాగర్ నుంచి కృష్ణా నీళ్లు వచ్చిన రోజు ఆమె బిందె పట్టకుండా అలాగే నిలబడిపోయింది. "మన ఇంటి మీద పడవలు తిరుగుతున్నయి కొడుకా," అని చనిపోయేదాకా అంటూనే ఉంది.

రేవులో గాలి విసురుగా ఉంది. ఇదొక్క లాంచీయే, గాలి పెరిగితే మరొకటి వెళ్లదన్నారు. అందరూ ఎక్కేశారు. సోమావతి మాత్రం మెట్ల పైనే కూలబడింది.

"గుండె బాగాలేదని ఇంట్లోవాళ్లు వద్దన్నా వచ్చారట. చూడకుండా వెళ్లనంటున్నారు. కాస్త ఎత్తుకోగలరా?" అని అడిగింది జ్యోతిక.

"నేను లాంచీ ఎక్కనమ్మా."

"మెట్ల కింది దాకా చాలండి."

ముసలామె బరువు లేదు. అయినా మట్టయ్య ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. లాంచీ ఊగుతోంది, ఆమెను లోపలివాళ్ల చేతికి అందించడానికి వీల్లేదు. రేవుకూ లాంచీకీ మధ్య వేసిన పలక మీద నుంచి ఆమెతోపాటే లోపలికి అడుగేశాడు. వెనక్కి తిరిగేలోగా తాడు విప్పేశారు.

నడినీటిలో లాంచీ ఒక పక్కకు ఒరిగింది. నీళ్లు ముఖం మీద చిమ్మాయి. ఎవరో గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. మట్టయ్య బల్ల పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అతని మణికట్టును ఎముకల చెయ్యి ఒకటి పట్టుకుంది.

"ఎందుకు భయపడుతున్నారని సోమావతిగారు అడుగుతున్నారండీ," అంది జ్యోతిక.

"భయం గాదు. మా అమ్మ ఊరు ముంపుల పోయింది. గీ నీళ్ల కిందనే ఉన్నది."

జ్యోతిక ఇంగ్లీషులో చెప్పింది. సోమావతి నీళ్లకేసి చూసి, సంచి విప్పింది. బుద్ధుడికని తెచ్చిన తామరపూలలో ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది. మట్టయ్య వంగి దాన్ని నీటిలో వదిలాడు. అది కాసేపు తేలి, అలలో కనబడకుండా పోయింది. అతను కళ్లు తుడుచుకోలేదు, ముఖం ఎలాగూ తడిసే ఉంది.

కొండ చూసి వచ్చాక, తిరుగు ప్రయాణంలో ఆమె పట్టుబట్టి వ్యానులో అతని పక్క సీటులో కూర్చుంది. తుర్కయంజాల్ దగ్గర ఆమె ఊపిరి ఆడక రొప్పడం మట్టయ్యకు వినబడింది.

"జ్యోతికమ్మా, దవాఖానకు ఫోన్ చెయ్," అని ఒక చేత్తో హారన్ నొక్కిపట్టాడు. ముందు లారీ, పక్కన డివైడర్. "జర ఓపిక పట్టమ్మా. వచ్చేసినం." ఆమెకు భాష రాదు. అయినా చెబుతూనే ఉన్నాడు. ఎల్బీ నగర్‌లో ఎర్రదీపం పడింది. ఆటోలవాళ్లు తిడుతున్నా ఆగకుండా వ్యానును మధ్యలోంచి దూర్చాడు. ఆస్పత్రి ముందు ఆపి, స్ట్రెచర్ కోసం చూడకుండా ఆమెను ఎత్తుకుని పరుగెత్తాడు. రేవు దగ్గరకన్నా ఇప్పుడామె బరువుగా ఉంది.

కొంతసేపటికి డాక్టరు బయటికి వచ్చి, జ్యోతికను పక్కకు పిలిచాడు. మట్టయ్య లేచి నిలబడి, తన ఒట్టి చేతులకేసి చూసుకున్నాడు.

మర్నాడు మిగిలినవాళ్లు వేరే బండిలో బెజవాడ వెళ్లారు. ఆమె శవాన్ని తీసుకెళ్లడానికి కొడుకు కొలంబో నుంచి బయలుదేరాడని జ్యోతిక ఫోన్ చేసి చెప్పింది. మట్టయ్య వ్యాను కడగడానికి బకెట్ నింపి, ఎడమవైపు తలుపు తీశాడు. సీటు కింద ఆమె చెప్పులు, గుడి బయట విడిచినట్టు, పక్కపక్కనే ఉన్నాయి.