వెనక గదిలో ఎవరూ లేరు

మా బిల్డింగు జబ్బేమిటో కొత్త పాలసీ కనిపెట్టిందట. మనుషులు ఎక్కువైపోవడం. గోడల చెమ్మకీ, పైకప్పు పగుళ్లకీ మేం వదిలే ఊపిరే కారణమట! రెండు గదుల్లో నలుగురికి మించితే ఊరి చివర కాలనీకి పంపేస్తారు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. మా ఆయన టైలరు, గిరాకీ అంతా ఈ వీధిలోనే. ఇక్కణ్ణించి కదిపితే మా పొయ్యిలో పిల్లి లేవదు.

అందుకే తనిఖీ ఆఫీసరు మెట్లెక్కుతున్నాడనగానే అత్తయ్యని వెనక గదిలో పెట్టి తాళం వేశాం. పైకప్పు బానకడుపులా కిందికి దిగింది ఆ గదిలోనే. బుద్ధున్నవాళ్లు చేసే పని కాదు.

"కాసేపేగా, నోరెత్తను. నీకూ పండగే," అని ఆవిడ నవ్వింది. 

ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీలో కూర్చుని ఫోన్‌లో నొక్కుకుంటూ అడిగాడు.

"ఎంతమంది ఉంటారమ్మా?"

"నలుగురం సార్. పిల్లలు బడికెళ్లారు."

"బట్టలు ఇంట్లోనే ఆరేస్తారా? వంటప్పుడు కిటికీలు తీస్తారా?"

నాకు ఒళ్లు మండింది. "పైన నీళ్ల పైపు పగిలి ఏడాదైంది సార్. ఆ నీళ్లన్నీ..."

"అది ఇందులో అడగలేదమ్మా. ఆ గదిలో ఏముంది?"

"పాత సామాను," అన్నాడు మా ఆయన.

అప్పుడే లోపల ఏదో దభీమని పడింది. తలుపు కిందనుంచి తెల్లటి దుమ్ము బయటికొచ్చింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" ఆఫీసరు లేచాడు.

"ఎవరూ లేరు సార్," మళ్లీ మా ఆయనే అన్నాడు.

లోపల్నించి మూలుగైనా లేదు. అత్తయ్య మాట మీద నిలబడిందో, అసలు ఉందో లేదో! అంత భయం నేనెప్పుడూ ఎరగను. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు, అయినా వద్దన్నట్టు నాకేసి తలూపాడు. కన్నతల్లి కదా లోపల ఉంది! ఆయన జేబులోంచి తాళంచెవి లాక్కున్నాను. తలుపు తీశాను.

సగం పైకప్పు మంచం మీదుంది. అత్తయ్య మూలన ముడుచుకుని, ఒళ్లంతా సున్నంతో, రెండు చేతులతో నోరు నొక్కుకుని కూర్చుంది. నుదుటి మీంచి నెత్తురు కారుతోంది. నన్ను చూసి కూడా చేతులు తీయలేదు. పైన చువ్వలు బయటపడి పెళ్లలు ఇంకా రాలుతున్నాయి.

ఆఫీసరు గడప దగ్గరే ఆగాడు. పైకి చూడలేదు. అత్తయ్యనే చూశాడు.

"ఐదుగురు," అని ఫోన్‌లో నొక్కాడు.