అలివేలమ్మ వేపపిండి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లయింది. అర్ధవీడు పక్కన కొండవారగా ఉన్న పల్లెలకు యూరియా సంచులు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అలివేలమ్మ గొర్రెలు రైతు ఆదినారాయణ బావి దగ్గర తొట్టిలో నీళ్లు తాగాయి. కాసేపటికే వణికాయి. కడుపులు ఉబ్బి, నురగ కక్కి, కాళ్లు కొట్టుకుంటూ పడిపోయాయి. మందలో సగానికి పైగా ఆ బావి గట్టు మీదే చచ్చిపోయింది. తొట్టి అంచుకు తెల్లటి గింజలు అంటుకుని ఉన్నాయి. పక్కనే ఖాళీ యూరియా సంచి పడి ఉంది.

అంతకు ముందు ఒకసారి ఆ మంద ఆదినారాయణ చేలో పడి పైరు మేసింది. ఆయన ఆ కోపం దాచుకున్నాడు.

పెద్దమనుషులు కూర్చుని, వేసవిలో జీవాలకు రోగాలు మామూలేనని తేల్చారు. ఆదినారాయణ తువ్వాలు దులుపుకుని లేచాడు. "నా తొట్టి, నా నీళ్లు. వాటిని తాగమని నేను పిలిచినానా?" అన్నాడు.

ఇంటికొచ్చాక అలివేలమ్మ భర్త పెద్దయ్య, "పోనీలే. దేవుడు చూస్తాడు" అన్నాడు.

"చూసేదాక నేను ఊరుకోలేను" అంది ఆమె.

ఏటా వేసవిలో గొర్రెలకాపరులు రైతుల చేలల్లో మందలు కట్టేవారు. ఆ పెంటికల ఎరువుతోనే నీరు నిలవని ఎర్ర గరపనేలలు పండేవి. అలివేలమ్మ ప్రతి కాపరి గుడిసెకూ నడిచి వెళ్లింది. ఆదినారాయణ చేలో ఎవరూ మంద కట్టకూడదంది. వాళ్లు ఆమె గొర్రెల కళేబరాలు చూసినవాళ్లే. ఎవరూ కట్టలేదు.

ఆదినారాయణ నవ్వాడు. "సంచి ఎరువు ఉండగా పెంటికలతో పనేంది?" అని యూరియా చల్లి సంకర మొక్కజొన్న వేశాడు. మోకాటి ఎత్తుదాకా పైరు ఏపుగా, నల్లగా ఎదిగింది. తరువాత వానలు పట్టాయి. గరపనేల నీటితోపాటు బలాన్నీ కిందికి దించేసింది. ఆకులు పసుపెక్కాయి. కంకులు సగం బోసిగా వచ్చాయి.

మరుసటి వేసవిలో వ్యవసాయ సలహాలు చెప్పే గ్రామసేవక్ ప్రకాశరావు చావడి దగ్గర రైతులను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆడవాళ్లు గోడవారన నిలబడి విన్నారు.

"యూరియా సగం ఉత్తదే వెయ్యండి. మొక్కకు వెంటనే అందుతుంది. మిగతా సగానికి వేపపిండి పట్టించి, మొక్క మోకాటి ఎత్తుకు వచ్చినాక వెయ్యండి. అది నిదానంగా కరుగుతుంది. కంకిలో గింజ పాలు పోసుకునేదాక నేలలో నిలుస్తుంది."

"పిండి యాడ దొరుకుతుంది?" అని ఆదినారాయణ అడిగాడు.

"ఊళ్లో గురుస్వామి గానుగ ఉంది గదా. వేపగింజ ఏరించి ఆడించుకోండి. నూనె పోగా మిగిలేదే పిండి."

అలివేలమ్మ ఇంకేమీ వినలేదు. ఆమెకు కావలసింది దొరికింది.

వేపపళ్లు రాలడం మొదలవగానే ఆమె, కాపరుల ఇళ్ల ఆడవాళ్లు తెల్లవారకముందే చెట్ల కిందికి చేరేవారు. బేస్తవారిపేట వైపున్న బంధువులకూ అక్కడి గింజ ఏరి పంపమని కబురు పెట్టింది. ఆదినారాయణ కూలీలు వచ్చేసరికి చెట్ల కింద తొక్కలు మాత్రమే ఉండేవి.

"నూనె నువ్వే ఉంచుకో మామా" అంది గురుస్వామితో. "పిండి మాత్రం నాది. ఒక్క గుప్పెడు ఇంకొకరికి పోగూడదు."

"ఇంత పిండి ఏం చేసుకుంటావు?"

"పని ఉంది."

ఆమె ఒక చెక్క నేల కౌలుకు తీసుకుని తానూ మొక్కజొన్న వేసింది. ఆదినారాయణ కూడా వేశాడు. పిండి గిద్దలూరులో దొరుకుతుందన్న ధీమాతో మొదటి సగం యూరియా చల్లేశాడు. పైరు మోకాలు దాటేసరికి బండి కట్టుకుని గిద్దలూరు వెళ్లాడు. అక్కడి పిండి పొగాకు రైతులు ఎప్పుడో కొనుక్కుపోయారు.

చివరికి అలివేలమ్మ వాకిట్లోకి వచ్చాడు. కాపరులు నీడలో కూర్చుని గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తున్నారు. వసారాలో పిండి మూటలు వరసగా పేర్చి ఉన్నాయి.

"అలివేలమ్మా, నాలుగు మూటలు ఇయ్యి. వానలు పడేట్టుండాయి."

"నా గొర్రెలు ఎట్ల చచ్చినాయో వీళ్లకు చెప్పు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కత్తెరల చప్పుడు ఆగిపోయింది. కొండ మీద మబ్బు కమ్ముతోంది. ఆయన మళ్లీ అలివేలమ్మ వైపు తిరిగాడు.

"తొట్టిలో యూరియా కలిపినాను. చేను మేసినాయని కోపమొచ్చింది. అన్ని చస్తాయనుకోలేదు."

ఆయన వసారాలోని మూటల వైపు చేయి చాపాడు.

"చెప్పినాను గదమ్మా. ఇంక పిండి ఇయ్యి."

"చెప్తే ఇస్తానని నేను అన్నానా?"

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోవడం అలివేలమ్మ కళ్లప్పగించి చూసింది. గొర్రెలు చచ్చిన రోజు నుంచి ఆమె ఎదురుచూసింది దీనికే.

ఆ వారంలోనే నల్లమల నుంచి వాన దిగి, విడవకుండా కురిసింది. ఆదినారాయణ చేను మళ్లీ పసుపెక్కింది. అలివేలమ్మ రోజూ దగ్గరి దారి వదిలి, ఆ చేని గట్టు మీదుగానే తన చేనికి వెళ్లేది. ఒకరోజు ఆయన భార్య సుబ్బరత్నమ్మ కంకి పట్టని మొక్కలు కోసి పశువులకు మోసుకుపోతూ ఎదురైంది. అలివేలమ్మకు జాలి కలగబోయింది. ఆమె దాన్ని అక్కడే తుంచేసింది.

"రెండు మూటలన్నా ఇచ్చింటే మనకు మంచిపేరు ఉండేది" అన్నాడు పెద్దయ్య, తమ చేలో బరువైన కంకులు విరుస్తూ.

"పేరు నువ్వు తెచ్చుకో. నాకొద్దు."

ఆదినారాయణ ఒప్పుకున్న మాట ఊళ్లన్నీ తిరిగింది. పెద్దమనుషులు తమ పాత తీర్పు నిలబెట్టుకోలేక మళ్లీ కూర్చున్నారు. చచ్చిన ప్రతి గొర్రెకూ బదులు ఆదినారాయణ ఇంకో గొర్రెను ఇవ్వాలన్నారు. ఆయన సంతలో కొని, పాలేరుతో తోలించాడు.

అలివేలమ్మ వాకిట్లో నిలబడి ఒక్కొక్కదాని నోరు తెరిచి పళ్లు చూసింది. ఒక ముసలిదాన్ని వేరు చేసి పాలేరుకు అప్పగించింది.

"దీన్ని ఆయనకే ఇయ్యి. దీని బదులు చూలుదాన్ని పంపమను."

సాయంత్రానికి చూలు గొర్రె వచ్చింది.